యార్డు మెయిన్ దించిన రోజు

పెళ్ళికి పోయినా, ఆసుపత్రికి పోయినా నేను మొదట తలెత్తి సీలింగు చూస్తాను. అక్కడ తెల్లగా, పళ్ళెం బోర్లించినట్టు ఒక పెట్టె ఉంటుంది. దాని లైటు ఏ రంగులో వెలుగుతోందో చూడందే నాకు కూర్చోబుద్ధి కాదు. "ముందు మనుషుల మొహాలు చూడండి" అని మా ఆవిడ మోచేత్తో పొడుస్తుంది. ఉద్యోగం వదిలి ఏళ్ళయినా ఈ జబ్బు వదల్లేదు. పెట్టె బాగానే ఉంటుంది. నాకే నిమ్మళం ఉండదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నా దగ్గరకొచ్చి ఏ కోర్సు చెయ్యాలి, ఏ పరీక్ష రాయాలి అని అడుగుతారు. అవి నాకు తెలియవు. నాకు తెలిసింది చెబుతాను. వినే ఓపిక ఉంటే వినండి.

పని అంటే ఏమిటి

ఆ పెట్టెను యాక్సెస్ పాయింట్ అంటారు. వైరు లేకుండా మీ ఫోనునూ కంప్యూటరునూ నెట్‌వర్కుకు కలిపేది అదే. దాని లోపల ఒక ప్రోగ్రాం ఉంటుంది, దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. ఆ ప్రోగ్రాం మొత్తం ఒకే ఫైలుగా వస్తుంది, ఆ ఫైలు పేరు ఇమేజ్. కంపెనీవాడు తప్పులు దిద్ది కొత్త ఇమేజ్ పంపితే, పెట్టెలో పాతది ఉండగా కొత్తది రాయాలి, పెట్టెను ఒకసారి ఆపి లేపాలి. కొత్తదాన్ని పట్టుకుని లేచిందా, పని అయినట్టే. లేవలేదా, పాతదాన్నైనా పట్టుకుని లేవాలి. పాతదీ లేక కొత్తదీ సగంలో ఉంటే అది ఉత్త ప్లాస్టిక్కు.

నా ఉద్యోగమంతా ఇంతే. చెప్పుకుంటే పది నిమిషాలు, చేస్తే పదిహేనేళ్ళు.

అందులో నేను చెప్పేది ఇనుప ఖనిజం ధరకు రెక్కలొచ్చిన కాలం గురించి. తోరణగల్లు వైపు కొండలు తవ్వుతున్నారు. బళ్ళారి రోడ్డు మీద లారీ వెనక లారీ. చెట్ల ఆకులు, ఆరేసిన పంచెలు, ఇడ్లీ బండి మీది చట్నీ, అన్నీ ఎర్రగానే ఉండేవి. సంగనకల్లులో మా చిన్నాన్న కొడుకులు చేను అమ్మి టిప్పర్లు కొన్నారు. నన్ను చూసి "ఏందిరా, ఇంగా జీతానికే పోతాండావా?" అని నవ్వేవారు. నేను పోయేది ఒక గని కంపెనీ యార్డుకు. అక్కడ ఖనిజం కుప్పలు పోసి, లారీలకు నింపి, కాటా వేసి పంపేవారు. లారీ నంబరు, బరువు అన్నీ చేతిలో పట్టుకునే చిన్న యంత్రాల్లో కొట్టేవారు. ఆ యంత్రాలు నా పెట్టెలతో మాట్లాడేవి. యార్డులో స్తంభాలకూ షెడ్లకూ మొత్తం ఇరవై ఆరు పెట్టెలు.

స్టిక్కరు

నా మొదటి తప్పు చిన్నది. రెండు రకాల పెట్టెలుండేవి, పైమూత ఒక్కటే, లోపలి సరుకు వేరు. కాటా షెడ్డులో ఉన్నది కొత్త రకమనుకుని దాని ఇమేజ్ పంపాను. పెట్టె పడుకుంది. గంటసేపు లాప్‌టాప్‌తో కుస్తీ పట్టాను. నిచ్చెన పట్టుకుని నిలబడ్డ ఎలక్ట్రీషియన్ చివరికి నోరు విప్పాడు.

"వెనక స్టిక్కరు చూసినావా సార్?"

చూడలేదు. ఆయన పైకెక్కి, పెట్టె విప్పి, స్టిక్కరు మీది ఎర్రదుమ్ము చొక్కా అంచుతో తుడిచి నాకు చూపించాడు. పాత రకం.

ఆయన పేరు యేసుపాదం. అందరూ యేసన్న అనేవారు. నాకన్నా పదేళ్ళు పెద్ద. బళ్ళారిలో పాత మిషను చర్చి కుటుంబం, సత్యనారాయణపేటలో కాపురం. కాంట్రాక్టరు కింద పని, అంటే ఆయన ఉద్యోగమంతా మెడలో వేలాడే గేట్‌పాస్. యార్డులో ఏ వైరు ఏ మట్టి కింద పోతోందో ఆయన తలలో ఉండేది. మా ఆఫీసులో ఉన్న డ్రాయింగు ఎవరో బెంగళూరులో కూర్చుని గీసింది, అందులో సగం స్తంభాలు యార్డులోనే లేవు.

ఆ రోజు నుంచి ప్రతి పెట్టె వెనక స్టిక్కరు చూశాను. తప్పు చేస్తే అంతవరకే నేర్చుకుంటామని నాకప్పుడు తెలియదు. స్టిక్కరు చూడమని నేర్చుకున్నాను, స్టిక్కరు సంగతి తెలిసిన మనిషిని ముందే అడగాలని నేర్చుకోలేదు.

బసవరాజు సార్

మా మేనేజరు బసవరాజు సార్. హొసపేటె మనిషి, ఇంట్లో కన్నడ, మాతో కలగాపులగం తెలుగు. చెడ్డవాడని చెప్పలేను. ఎండలో పనిచేసేవాళ్ళకు మజ్జిగ పంపేవాడు. కానీ లారీ ఆగితే ఆయన ముఖంలో రక్తం ఉండేది కాదు. పై నుంచి ఫోను వస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవాడు, ఫోనులో ఎవరికి కనబడుతుందో నాకు తెలియదు.

ఆ వర్షాకాలం చేతి యంత్రాలు ఒక పెట్టె దగ్గర నుంచి ఇంకో పెట్టె దగ్గరికి నడిస్తే తెగిపోవడం మొదలైంది. కుర్రాళ్ళు నంబరు మళ్ళీ మళ్ళీ కొట్టాలి, వెనక లారీలు హారన్లు. కంపెనీవాళ్ళు కొత్త ఇమేజ్ ఇచ్చారు, దానితో రోగం కుదురుతుందన్నారు. కానీ ఇరవై ఆరింటిలోనూ, ఏ రకానికి దానిది, కొత్త ఇమేజే ఉంటేనే కుదురుతుంది, సగం పాతవి సగం కొత్తవి అయితే ఇంకా ముదురుతుంది.

"ఎప్పుడు చేస్తావప్పా?" అన్నాడు సార్.

"యార్డు నిలిచిన దినం కావాలి సార్."

"యార్డు నిలిచేదుందా? నోడప్పా, ఏడాదికి ఒక్క దినం నిలుస్తాది. ఆయుధ పూజ. ఆ దినం చేసి ముగించు."

నాకూ అదే సరి అనిపించింది. ఆయుధ పూజ నాడు టిప్పరు తిరగదు, కాటా తూచదు, యంత్రాన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పూజ చేసి విశ్రాంతి ఇస్తారు. నా పనికి అంతకంటే మంచి రోజు దొరకదనుకున్నాను. మా ప్రాంతంలోనే పుట్టి, ప్రతి ఏడూ మా ఇంట్లో నాగలికీ మోటారుకూ పూజ చూసి పెరిగినవాణ్ణి. పూజ ముందు మోటారు స్విచ్ మా నాన్న దించేవాడని నాకు ఆ రోజు గుర్తు రాలేదు.

ఆయుధ పూజ

వారం ముందే అందరికీ మెయిల్ పంపాను. ఉదయం పది నుంచి పన్నెండు దాకా యార్డులో కరెంటు తీయరాదు అని. పంపి, గుండె మీద చెయ్యి వేసుకుని పడుకున్నాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆ పాత రకం పెట్టెల్లో చోటు తక్కువ. కొత్త ఇమేజ్ పాతదానికంటే పెద్దది. దీనికి రెండు దారులున్నాయి. ఒక్కో పెట్టెలోకి దూరి, అక్కరలేని ఫైళ్ళు ఏరి తీసేసి, పాత ఇమేజ్ ఉండగానే కొత్తది రాయడం ఒకటి. పెట్టెకు ఇరవై నిమిషాలు పడుతుంది. పాతది చెరిపేసి, ఆ చోట్లో కొత్తది రాయడం రెండోది. ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాలు పెట్టెలో ఏమీ ఉండదు. నేను రెండోది ఎంచుకున్నాను. పైగా ఒకదాని తర్వాత ఒకటి కాదు, ఇరవై ఆరింటికీ ఒకేసారి. మధ్యాహ్నానికి ఇంటికి పోయి పూజ భోజనం చేద్దామని. అంతకంటే గొప్ప కారణం ఏదీ లేదు.

పది దాటింది. ఆఫీసు గదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఇరవై ఆరు గీతలు పెరుగుతున్నాయి. ముప్పై శాతం, నలభై, కొన్ని యాభై. అన్నీ ఒక్కసారి ఎర్రబడ్డాయి.

పరుగెత్తుకుంటూ పోయాను. కాటా షెడ్డు పక్కన యార్డు ప్యానెలు. దానికి అరటి పిలకలు కట్టి ఉన్నాయి, బంతిపూల దండ, మూడు నామాలు. ఒకాయన టెంకాయ కొట్టి ఆ నీళ్ళు ప్యానెలు మీద చల్లుతున్నాడు. ఇంకొకాయన కర్పూరం వెలిగించిన బూడిద గుమ్మడికాయ తిప్పుతున్నాడు. పక్కగా, చేతులు కట్టుకుని యేసన్న నిలబడి ఉన్నాడు. "యేసన్నా, ఈ దినం మా పూజారి నువ్వేప్పా, నువ్వు స్విచ్చు దించకుంటే హారతి లేదు" అని వాళ్ళు ఆయన్ను ఆటపట్టిస్తున్నారు. ఆయన నవ్వుతున్నాడు.

"మెయిన్ ఎవరు తీసినారు?" అని అరిచాను.

"నేనే సార్. ఏమాయ?"

"తీయొద్దని చెప్పినా గదా!"

"నాకు ఎవురు చెప్పినారు సార్?" ఆయన నిజంగా తెల్లబోయాడు. "ప్రతి యేడూ దించుతా. టెంకాయ నీళ్ళు లోపలికి పోతాయి. ఒక యేడు ఒకాయనకు షాకు కొట్టి ఆ గోడ కాడ పడినాడు. అప్పటినుంచి పూజ అయ్యేదంకా నేను ఈడ్నే నిలబడుకుంటా."

యేసన్నకు మెయిల్ లేదు. ఆయన కాంట్రాక్టరుకు ఉంది. ఆ కాంట్రాక్టరు పండక్కి ఊరికి పోయాడు. నేను చెప్పాను అనుకున్నది నా కంప్యూటరుకు చెప్పాను. స్విచ్ మీద చెయ్యి ఉన్న మనిషి నా గదికి రెండు వందల అడుగుల దూరంలో ఉన్నాడు, నడిచిపోయి ఒక మాట చెప్పలేదు.

ఇరవై నిమిషాలకు కరెంటు వచ్చింది. కొత్త రకం పెట్టెలు నాలుగు లేచాయి, వాటిలో చోటు ఎక్కువ, పాత ఇమేజ్ అలాగే ఉంది. ఇరవై రెండు లేవలేదు.

రిపోర్టు

మరునాడు దసరా. లారీలు కదిలాయి, చేతి యంత్రాలు చచ్చాయి. నంబర్లు కాగితం మీద రాసి, కాటా దాకా పరుగెత్తి, అరిచి చెప్పుకున్నారు. వరస హైవే దాకా పోయింది. పైనుంచి ఫోన్లు. బసవరాజు సార్ నిలబడే ఉన్నాడు.

"సాయంత్రానికి రిపోర్టు కావాల. ఏమాయ, ఎవరివల్ల ఆయ, ఎరడే, రెండే మాటలు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని. రాశాను. ముందుగా అన్ని విభాగాలకూ తెలియజేసినప్పటికీ, కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్ యార్డు మెయిన్ స్విచ్ ఆపివేయడంతో, ఇమేజ్ రాత మధ్యలో ఆగి ఇరవై రెండు పెట్టెలు పాడయ్యాయి. నా మెయిల్ కాపీ జత చేశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. పాత ఇమేజ్ నేనే చెరిపాను, ఇరవై ఆరింటినీ ఒకేసారి మొదలుపెట్టాను అన్న వాక్యాలు మాత్రం లేవు. అవి రాయాలని తెలుసు. తెలిసే మానేశాను. భయం వేసింది. అంతే.

పిల్లలూ, నిజాలన్నీ ఏరుకుని ఒక అబద్ధం కట్టొచ్చు. ఈ వృత్తిలో అది చాలా సులువు, ఎందుకంటే మనం రాసేది పైవాళ్ళకు సగం అర్థం కాదు.

స్తంభాలు

చచ్చిన పెట్టెను బతికించడానికి ఒక మార్గం ఉంటుంది. దాన్ని కిందికి దించి, వెనక చిన్న బటను నొక్కి పట్టుకుని కరెంటు ఇవ్వాలి. అప్పుడు అది ఒక్క లాప్‌టాప్ మాటే వింటుంది. ఆ సందులో ఇమేజ్ ఎక్కించాలి. ఒక్కోటి ముప్పావు గంట.

ఇరవై రెండు పెట్టెలూ యేసన్నే దించాడు. ఎండలో స్తంభం ఎక్కడం, విప్పడం, దించడం, మళ్ళీ ఎక్కించడం. తన వల్లే ఇంత జరిగిందని ఆయనకు బాధ. "నా చేత్తో చెడింది సార్, నా చేత్తోనే కావాల" అనేవాడు. మధ్యాహ్నం సద్ది డబ్బా విప్పి నాకు కొర్రన్నం సగం పెట్టేవాడు. తినేవాణ్ణి. అప్పుడు ముద్ద బాగానే దిగింది.

నాలుగో రోజు ఆయన గేట్‌పాస్ రద్దయింది. నా రిపోర్టు చదివి పైవాళ్ళు చేసిన పని. ఇంకా మూడు పెట్టెలు మిగిలాయి, కుప్పల మధ్య ఎత్తు దీపస్తంభాల మీద ఉన్నవి. వాటి దారి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. అప్పుడు బసవరాజు సార్ ఒక ఉపాయం చెప్పాడు. తీసేసిన మనిషికి ఒక రోజు విజిటర్ పాస్ ఇప్పించమన్నాడు. పిలిచినవారి స్థానంలో నేను సంతకం పెట్టాను. ఆయన వచ్చాడు. కూలి అడగలేదు.

చివరి పెట్టె కూడా లేచాక, స్తంభం కింద నీడలో కూర్చుని యేసన్న అడిగాడు.

"సార్, ఒక మాట అడగనా? ఈడ కరెంటు దినానికి నాలుగు మాట్లు పోతాది. ఇన్నేండ్లలో ఒక్క పెట్టె కూడా సావలేదు. ఈ మాటు ఎందుకు సచ్చినాయి?"

ఎలక్ట్రీషియన్ అడగాల్సిన ప్రశ్నే అది. పైవాళ్ళు ఒక్కరూ అడగలేదు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. చెప్పేశాను. పాతది చెరిపిన సంగతి, ఒకేసారి మొదలుపెట్టిన సంగతి, రిపోర్టులో ఏముందో, ఏం లేదో అంతా.

ఆయన బూట్ల మీది దుమ్ము చేత్తో దులుపుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"సోమారం కూరెకుప్ప కాడ ఇంకో ఫ్యాక్టరీలో మనుసుల్ని తీసుకుంటాండారు సార్. పొద్దున తొమ్మిదికి గేటు కాడికి రమ్మన్నారు. ముందర పని ఎందుకు పోయిందని అడుగుతారు. యార్డు ముంచినోడంట అని ఈడి మాట ఆడిదాకా పోయింటాది. నువ్వు ఇప్పుడు చెప్పినావే, ఆ మాట ఒక కాయితం మీద రాసి సంతకం పెట్టి ఇయ్యి. అది చూపిస్తా."

"నేనే తెచ్చిస్తానన్నా. గేటు దగ్గరికే వస్తాను."

"సరే సార్" అన్నాడు. నా మాట మీద ఆయనకు అనుమానం రాలేదు. ఆ రోజు గురువారం.

సోమవారం

శుక్రవారం బసవరాజు సార్‌కు చెప్పాను. ఆయన తలుపు దగ్గరికి వేశాడు.

"ఒక రిపోర్టు పైకి పోయింది. రెండోది పోతే, మొదటిది రాసినోడు ఏమవుతాడు? ఆలోచన చెయ్యి. రాయొద్దని నేను చెప్పను. నీ ఇష్టమప్పా."

అడ్డం చెప్పి ఉంటే ఎదురు తిరిగేవాణ్ణేమో. చెప్పలేదు. శనివారం రాశాను, చించాను. ఆదివారం రాశాను, సంతకం దగ్గర ఆగిపోయాను. ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరిగాను. సోమవారం పొద్దున కాటా షెడ్డులో ఒక యంత్రం మొరాయించిందని ఫోను వచ్చింది. నేను పోవాల్సినంత పని కాదు. ఫోనులోనే చెప్పొచ్చు. అయినా పోయాను. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని చేశాను. అప్పటికి తొమ్మిది ఎప్పుడో దాటింది కదా, ఇంక పోయి ఏం లాభం అనుకున్నాను.

కాగితం పూర్తి చేయడానికి ఇంకో పది రోజులు పట్టింది. మొత్తం ఆరు వాక్యాలు. చివర సంతకం. స్కూటరు మీద సత్యనారాయణపేట పోయి ఇల్లు కనుక్కున్నాను. యేసన్న లేడు, ఎవరింట్లోనో వైరింగు కూలి దొరికితే పోయాడట. ఆయన భార్య మార్తమ్మ తలుపు తీసింది. మిషను బళ్ళో టీచరమ్మ. నన్ను కూర్చోమని కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, కాగితం తీసుకుని నిలబడే చదివింది. ఇంగ్లీషులో రాశాను. ఆమెకు ఒక్క పదం కూడా నేను చెప్పాల్సిన పని పడలేదు. రెండుసార్లు చదివింది.

"బాగా రాసినారు సార్" అంది. "అంతా ఒప్పుకున్నారు."

"ఆలస్యమైందమ్మా" అన్నాను.

"ఆ సోమారం ఈయన్ను లోపలికి పిలిచినారంట సార్. పేరు పెట్టి మూడు మాట్లు పిలిచినారంట. ఈయప్ప పోలేదు. మా సార్ కాయితం తెస్తాండాడు, అది లేకుండా ఎట్ల పోయేది అని గేటు కాడ్నే కూర్చున్నాడు. మద్దేనం గేటు మూసినాక ఇంటికి వచ్చినాడు."

ఆమె కాగితాన్ని ఉన్న మడతల మీదనే జాగ్రత్తగా మడిచి, నా చేతికే ఇచ్చింది.